తెల్లగుడ్డకి ముప్ఫైవేలా?

మా ఆఫీసులో ఈ మధ్య అందరికీ ప్రొజెక్టర్ల పిచ్చి పట్టుకుంది. మంచిదే, నాకూ ఉంది. నా గొడవల్లా దాంతోపాటు అంటగడుతున్న తెర గురించే. ప్రొజెక్టరేమో పాతికవేలు, తెరేమో ముప్ఫైవేలు! పెళ్ళికొడుకు కన్నా తోడిపెళ్ళికొడుకు ముస్తాబే ఎక్కువైంది. మా టీములో ఒకతను, ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, ఇంటికి పంపే డబ్బులో కోత పెట్టి మరీ ఈఎమ్ఐలో తెర కొన్నాడు. ఎందుకయ్యా అంటే "మామూలు గుడ్డకి గెయిన్ ఉండదంట" అన్నాడు. షోరూంలో చెప్పారట.

సరే, ఆ గెయిన్ సంగతే చూద్దాం. తెర దీపం కాదండీ. తనంతట తను ఒక్క ల్యూమెన్ కూడా పుట్టించలేదు. గెయిన్ 1 అంటే పడిన వెలుగుని అన్నివైపులకీ సమంగా వెదజల్లే మ్యాట్ తెలుపు. 1.3 అన్నారంటే పక్కన కూర్చున్నవాళ్ళ వాటా లాక్కుని మధ్యలో ఉన్నవాడికి పెట్టారన్నమాట. అంతే మాయ.

ఇప్పుడు లెక్క. 100 అంగుళాల 16:9 తెర అంటే సుమారు 87 అంగుళాల వెడల్పు, 49 అంగుళాల ఎత్తు. అంటే 2.76 చదరపు మీటర్లు. దానిమీద 500 ల్యూమెన్లు (డబ్బా మీద అచ్చేసే వేలకి వేలు కాదు, నిజమైన ఆన్సీ ల్యూమెన్లు) పడితే 181 లక్స్. పై విలువతో భాగిస్తే 58 నిట్స్. డిజిటల్ సినిమా హాళ్ళకి పెట్టిన ప్రమాణమే 48 నిట్స్! మీ గుడ్డ 15 శాతం వెలుగు మింగేసినా ఇంకా 49 మిగుల్తుంది. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివి ఈ మాత్రం భాగహారం మనం చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారు?

"మరి నలుపో?" అంటారు. ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు. వెలుగు పడనిచోట తెర ఎంత చీకటిగా ఉంటే అదే నలుపు. కాబట్టి ముందు కొనాల్సింది కిటికీకి మందపాటి కర్టెన్. పట్టపగలు హాల్లో చూడాలనుకునేవాళ్ళకీ, గోడ పక్కనే పెట్టే అల్ట్రా షార్ట్ త్రో కొన్నవాళ్ళకీ ప్రత్యేకమైన తెర అవసరమే, ఒప్పుకుంటా. రాత్రి పదింటికి లైట్లార్పుకుని చూసే మనకెందుకు?

నేను చేసుకున్నది చెప్తా. 54 అంగుళాల పన్నా ఉన్న తెల్ల బ్లాకౌట్ గుడ్డ రెండున్నర మీటర్లు. ఎత్తు పోను పైనా కిందా మడవడానికి రెండున్నర అంగుళాలు చొప్పున మిగుల్తుంది. చెక్క రీపర్లతో ఫ్రేము, మూలలకి ఎల్ క్లాంపులు, పొడుగు కర్రలు వంగకుండా మధ్యలో ఒక నిలువు కర్ర (అది గుడ్డకి తగలకూడదు, గీత కనబడుతుంది). పిన్నులు నాలుగువైపులా మధ్యలో మొదలుపెట్టి మూలలకి వెళ్ళాలి, లేకపోతే ముడతలే. చుట్టూ నల్ల వెల్వెట్ టేపు. కోతకూలితో సహా మూడువేలు దాటలేదు.

తోలుబొమ్మలాటవాళ్ళు తెల్లపంచెలు కట్టి, వెనక దీపం పెట్టి తెల్లవార్లూ రామాయణం ఆడారు. జనం కదలకుండా చూశారు. గెయిన్ ఎంతని ఎవరూ అడగలేదు.

అమ్మడం షోరూం వాళ్ళ పని, వాళ్ళని తప్పుపట్టను. "ఎందుకు?" అని అడగడం మన పని. ఆఫీసులో కోడ్ రివ్యూలో సెమికోలన్‌కి కూడా కారణమడిగే మనం, జేబులోంచి ముప్ఫైవేలు తీసేటప్పుడు నోరెందుకు కట్టేసుకుంటున్నామో?