అక్షరాలలో ఎరిగిన మిత్రుడు

ఒక మనిషిని ఎన్నడూ కంటితో చూడకుండా, కేవలం అతని రచనల ద్వారానే ఎరిగి ఉండటం మన గృహపత్రిక పాఠకులకు కొత్త అనుభవం కాదు. ఏ మూలనో ఉన్న యూనిట్‌లో పనిచేసే సహోద్యోగి వ్రాసిన కవితో, యాత్రానుభవమో చదువుతాము. నాలుగు సంచికలు గడిచేసరికి ఆయన మనకు చిరపరిచితుడైనట్లే తోస్తుంది. అయితే ఆ పరిచయం ఎంతవరకు నిజమైనది? ఈ ప్రశ్నకు సమాధానం నాకు చాలా ఆలస్యంగా, కొంత సిగ్గుతో కూడా లభించింది. ఆ ఉదంతాన్ని ఈ నెల పాఠక మిత్రుల ముందు ఉంచుతున్నాను.

సుమారు పాతికేళ్ళ క్రిందటి మాట. అప్పట్లో మన పత్రిక తెలుగు పుటలకు దూరప్రాంతపు విద్యుత్ కేంద్రం నుంచి ఒక ఫోర్‌మన్ గారు తరచు రచనలు పంపేవారు. స్వస్థలం శ్రీకాకుళం జిల్లా. చదివినది ఐ.టి.ఐ. తెలుగు మాట అరుదుగా వినిపించే ఆ టౌన్‌షిప్‌లో నైట్ షిఫ్టు ముచ్చట్లు, క్యాంటీన్ కబుర్లు, సెలవుపై ఊరికి వెళ్ళివచ్చే రైలు ప్రయాణాలు ఆయన రచనా వస్తువులు. పత్రిక చేతికి అందగానే నేను మొదట తెరిచే పుట ఆయనదే. కాని ఆ మాట ఆయనకు ఒక్కసారైనా వ్రాసిన పాపాన పోలేదు.

వ్రాసిన సందర్భం మాత్రం ఒకటి వచ్చింది. ఒక వ్యాసంలో ఆయన, బాయిలర్ లోపల ట్యూబు చిల్లుపడితే మీటర్ల కంటె ముందుగా తన చెవికి తెలుస్తుందని వ్రాశారు. అదే వ్యాసంలో ఆవిరి ఉష్ణోగ్రతను 540 డిగ్రీలకు బదులుగా 450 అని పేర్కొన్నారు. ఉద్యోగంలో చేరి పదేళ్ళయినా నిండని ఇంజనీరును నేను. పట్టా తెచ్చిపెట్టిన ధీమా సంగతి చెప్పనక్కరలేదు. వెంటనే పాఠకుల లేఖల శీర్షికకు ఉత్తరం పంపాను. ఉష్ణోగ్రతను సవరించాను. అంతటితో ఆగక, “అంతటి రొదలో చెవితో లీకును కనిపెట్టటం కవిసమయమే గాని సాంకేతిక సత్యం కాదు. బాయిలర్‌కు అదనంగా పోయవలసి వచ్చే మేకప్ వాటర్ పరిమాణమే ప్రమాణం” అని ముక్తాయించాను. ఉత్తరం అచ్చయింది. మిత్రులు మెచ్చుకున్నారు. ఆ తరువాత ఫోర్‌మన్ గారి రచన మళ్ళీ కనిపించలేదు. బదిలీ అయి ఉంటారనుకొని సరిపెట్టుకున్నాను.

కొన్నేళ్ళకు ఓవర్‌హాలింగ్ తనిఖీ నిమిత్తం ఆ కేంద్రానికే వెళ్ళవలసి వచ్చింది. విచారిస్తే ఆయన అక్కడే ఉన్నారని తెలిసింది. పేరు చెప్పుకోగానే ఒక్క క్షణం మౌనం వహించి, ఆ వెంటనే చిరునవ్వుతో, “భోజనానికి మా ఇంటికి రావాలి సార్” అన్నారు.

ఆ సాయంత్రం క్వార్టరులో ఆయన శ్రీమతి వడ్డిస్తూ, “అన్నయ్యగారూ, ఆ ఉత్తరం వ్రాసినది మీరేనటగా? ఆ నెల నుంచి ఈయన కాగితం ముట్టలేదండీ” అన్నారు. నిష్ఠురంగా కాదు, జరిగిన సంగతి చెప్పినట్లుగా అన్నారు. నాకు ముద్ద దిగలేదు.

తరువాత ఆయనే నెమ్మదిగా చెప్పుకొచ్చారు. “ఉష్ణోగ్రత విషయంలో తప్పు నాదే సార్, మీరు దిద్దినది సబబే. చెవి సంగతి మాత్రం కవిత్వం కాదు. బాయిలర్ రొద ఇరవై ఏళ్ళుగా రోజూ వింటున్నాను. తెలిసిన రొదలో కొత్త ఈల ఒకటి చేరితే తెలియదా? కన్నతల్లికి బిడ్డ ఏడుపులో తేడా తెలిసినట్లే. మీ ఉత్తరం వచ్చాక షిఫ్టులోని తెలుగువాళ్ళు, ‘కవిగారు బాయిలర్‌ను చెవితో నడుపుతున్నారు’ అని నవ్వటం మొదలుపెట్టారు. ఒకనాటి రాత్రి మళ్ళీ ఈల వినిపించింది. చెబితే నవ్వుతారేమోనని గంటసేపు వెనుకాడాను. ఆ గంటలో పక్క ట్యూబులు కూడా కోసుకుపోయాయి.”

విద్యుత్ కేంద్రంతో పరిచయంలేని కుటుంబ సభ్యుల కోసం ఇక్కడ ఒక వివరణ అవసరం. 210 మెగావాట్ల బాయిలర్‌లో ఆవిరి పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు 150 కిలోలు ఉంటుంది. ట్యూబుకు సూదిబెజ్జమంత చిల్లుపడినా అందులో నుంచి దూసుకువచ్చే ఆవిరి ఇరుగుపొరుగు ట్యూబులను కత్తివలె కోస్తుంది. ఒక ట్యూబుతో ముగియవలసిన మరమ్మత్తు పది ట్యూబులకు పాకుతుంది. అందుకే లీకు విషయంలో గంట ఆలస్యమంటే చిన్న సంగతి కాదు.

మరునాడు ఆయన నాకు పాత లాగ్ బుక్కులు చూపించారు. తనిఖీ ద్వారం వద్ద అసహజ శబ్దం వినిపిస్తున్నదని ఆయన నమోదు చేయించిన సమయాలు, అటుపిమ్మట మేకప్ వాటర్ వినియోగం పెరిగిన సమయాలు పక్కపక్కనే ఉన్నాయి. రెండు సందర్భాలలో చెవి గంటల తరబడి ముందున్నది. నీరెంత పోతున్నదో మీటరు చెబుతుంది. ఈల ఏ వైపునుంచి వస్తున్నదో కూడా చెవి చెబుతుంది. శబ్దాన్ని బట్టి లీకును పసిగట్టే అకౌస్టిక్ పరికరాలు అప్పటికే ప్రపంచంలో వాడుకలో ఉన్నాయని, ఎరుగనివాణ్ణి నేనేనని తరువాత తెలుసుకున్నాను. నేను కవిసమయమని కొట్టివేసినదానినే ఇప్పుడు మన కేంద్రాలు టెండర్లు పిలిచి కొంటున్నాయి.

తిరుగు ప్రయాణంలో నన్ను వదలకుండా వెంటాడినది విద్యార్థి దశ నుంచి ఎరిగిన ఒక ఉదంతం. 1913 జనవరి 16న మద్రాసు పోర్ట్ ట్రస్టు అకౌంట్స్ విభాగంలోని గుమాస్తా శ్రీనివాస రామానుజన్, కేంబ్రిడ్జిలోని గణితశాస్త్రజ్ఞుడు హార్డీకి ఉత్తరం వ్రాశారు. తన జీతం ఏడాదికి 20 పౌన్లని, విశ్వవిద్యాలయ విద్య లేదని ముందే చెప్పుకున్నారు. జతపరచిన సూత్రాలకు నిరూపణలు లేవు. వాటిలో కొన్ని అప్పటికే లోకానికి తెలిసినవి. ప్రధాన సంఖ్యలకు సంబంధించిన కొన్ని పొరపాటువి. మరికొన్ని హార్డీ వంటివాడు సైతం ఎన్నడూ చూడనివి. పొరపాట్లను పట్టుకొని ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టకు చేర్చటం ఎంత తేలిక! హార్డీ ఆ పని చేయలేదు. సహచరుడు లిటిల్‌వుడ్‌తో కలిసి సూత్రాలను పరిశీలించి, ఫిబ్రవరి 8న జవాబు వ్రాస్తూ నిరూపణలు పంపమని కోరారు. తనకు సానుభూతిగల మిత్రుడు దొరికాడన్న సంతోషంతో రామానుజన్ ఆ నెల 27న తిరిగి వ్రాశారు. 1914 ఏప్రిల్‌లో ఇంగ్లండు చేరారు.

హార్డీ కూడా తప్పులు ఎంచారు, నేనూ ఎంచాను. “ఇది మీకెలా తెలిసింది?” అని ఆయన అడిగారు. నేను అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న కార్డు మీద వ్రాసి పంపి ఉంటే, నాకొక మిత్రుడు అన్నేళ్ళ ముందే దొరికేవాడు. ఆ రాత్రి ఒక బాయిలర్‌కు అంత నష్టం కలిగేది కాదు.

ఆ ఏడే మన పత్రికకు మరొక లేఖ పంపాను. పాత లేఖను ప్రస్తావించి, లాగ్ బుక్కు వివరాలతో సహా నా పొరపాటును ఒప్పుకున్నాను. ఫోర్‌మన్ గారి నుంచి మాత్రం చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. దాదాపు ఏడాది తరువాత ఒక కవరు వచ్చింది. అందులో ఒక వ్యాసం, పైన చిన్న చీటీ: “సార్, పత్రికకు పంపే ముందు మీరు చూడండి. అంకెలు దిద్దండి. తక్కినవి అడగండి.”

పదవీ విరమణ అనంతరం ఆయన స్వగ్రామంలో స్థిరపడ్డారు. ఇప్పటికీ వ్రాస్తున్నారు. నేను అంకెలు దిద్దుతున్నాను, తక్కినవి అడుగుతున్నాను. ఈ సంచికలో కూడా మీకు తెలియని ఒక సహోద్యోగి పేరు ఏదో పుటలో ఉండే ఉంటుంది. ఆ రచన మీకు నచ్చితే ఆ మాట ఆయనకు తెలియజేయండి. సందేహం కలిగితే ముందుగా ఆయననే అడగండి.