తెల్లదోమ తఖ్దీరా?

హిజ్రీ 10వ సంవత్సరంలో, క్రీ.శ. 632 జనవరిలో, మహాప్రవక్త ముహమ్మద్ (సల్లం) కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే కన్నుమూశారు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. పిల్లవాడు పోయినందుకే సూర్యుడు మసకబారాడని జనం చెప్పుకున్నారు. పుత్రశోకంలో ఉన్న తండ్రికి ఆ మాట ఓదార్పే. అయినా ఆయన ఒప్పుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని స్పష్టం చేశారు. రెండు సంఘటనలు ఒకే రోజు జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదన్నమాట.

ఈ పాఠం మరిచిన మనం గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంత నష్టపోయామో చూడండి. 1980ల మొదట్లో పత్తికి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. కొట్టగానే పురుగు రాలింది. ఒక దఫాకే ఇంత ఫలితముంటే పది దఫాలకు ఇంకెంతో అనుకున్నాం. కానీ చీడను తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు కూడా ఆ మందుకు చచ్చాయి. తెల్లదోమ విజృంభించింది. మందుకు తట్టుకున్న శనగపచ్చ పురుగే సంతానాన్ని పెంచుకుంది. 1987-88 నాటికి దానిపై ఆ మందులు సరిగా పనిచేయలేదు. అప్పులు మీదపడి పలువురు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ల తర్వాత, 1997-98లో, వరంగల్ పత్తి చేలల్లోనూ అదే విషాదం.

ఇలాంటప్పుడు మన ఇళ్లలో వినిపించే మాటలు రెండే: 'నజర్ తగిలింది', 'తఖ్దీర్‌లో ఇంతే రాసి ఉంది'. తఖ్దీర్‌ను నమ్మడం మన విశ్వాసంలో భాగమే. కానీ దాని పేరు చెప్పి కారణం వెతకడం మానేస్తే, అదే తప్పు మళ్లీ చేస్తాం. సిరియాలో ప్లేగు ఉందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) దారిలోంచే వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక విధి నుంచి అల్లాహ్ నిర్ణయించిన మరో విధి వైపే వెళ్తున్నామన్నారు. జబ్బు ఆయన విధి అయితే, జాగ్రత్త కూడా ఆయన విధే.

2021లో మిరప తోటలకు నల్ల తామర పురుగు సోకినప్పుడూ మన చేయి ముందు మందు డబ్బా మీదికే పోయింది. ఇకనైనా మందు కొట్టేముందు చేలో తిరిగి, ఆకు తిప్పి, ఏ పురుగు ఎంత ఉందో చూద్దాం. లాం ఫారం శాస్త్రవేత్తలను అడుగుదాం. దువా చేద్దాం. దువాకు ఎత్తిన చేతులతోనే ఆకు తిప్పి చూడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.