అది వాళ్ళ ఇంటి విషయమేనా?

2023 మే 6న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, ఆలెన్ పట్టణపు షాపింగ్ మాల్‌లో ఒక వ్యక్తి జరిపిన కాల్పుల్లో ఎనిమిదిమంది చనిపోయారు. వారిలో మన సరూర్‌నగర్ నుంచి వెళ్ళి అక్కడ ఇంజనీరుగా పనిచేస్తున్న యువతి ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ దాకా, పిల్లల్ని అమెరికా పంపిన తల్లులెందరినో ఆ వార్త వణికించింది. అయినా ‘అక్కడి తుపాకీ చట్టాలు వాళ్ళిష్టం, మనమేం చేయగలం?’ అన్న మాటే నాకు ఎక్కువగా వినిపించింది.

ఈ మాట మనకు కొత్త కాదు. భార్యను కొట్టే ప్రతి మగవాడూ ‘ఇది మా ఇంటి విషయం’ అనే అన్నాడు. ఆ గడప దాటి చట్టం లోపలికి రావడానికి స్త్రీలు ఏళ్ళ తరబడి పోరాడారు. 1983లో 498ఎ సెక్షన్, 2005లో గృహహింస చట్టం అలా వచ్చినవే. ఇంటి గుట్టు పేరుతో మగవాడు చెప్పేదే, సార్వభౌమత్వం పేరుతో రాజ్యమూ చెబుతుంది.

సరిగ్గా ఆ 2005లోనే అమెరికా తన తుపాకీ కంపెనీలను నష్టపరిహారపు దావాల నుంచి కాపాడే చట్టం చేసుకుంది. దాని బరువు పొరుగు దేశం మోస్తోంది. మెక్సికోలో పౌరులు చట్టబద్ధంగా తుపాకీ కొనాలంటే సైన్యం నడిపే దుకాణానికే వెళ్ళాలి. కానీ ఏటా 2 లక్షలకు పైగా తుపాకులు అమెరికా నుంచి దొంగతనంగా సరిహద్దు దాటి వస్తున్నాయని ఆ దేశం అంచనా. 2021లో మెక్సికో ప్రభుత్వం అమెరికన్ తుపాకీ కంపెనీల మీద బోస్టన్ కోర్టులో దావా వేసింది. 2025 జూన్ 5న అమెరికా సుప్రీంకోర్టు 2005 చట్టాన్ని చూపి, ఏకగ్రీవంగా ఆ దావాకు తలుపు మూసింది.

అయితే చట్టం కదలదని కాదు. గృహహింస కేసులో నిషేధపు ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండకూడదన్న నిబంధనను అదే కోర్టు 2024లో సమర్థించింది. అదీ టెక్సాస్ నుంచి వచ్చిన కేసే. తుపాకీ ఉన్న ఇంట్లో స్త్రీని లొంగదీయడానికి దాన్ని పేల్చనక్కర్లేదు, గోడకు కనిపిస్తే చాలు.

2013లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆయుధ వాణిజ్య ఒప్పందం, తాము అమ్మే ఆయుధం స్త్రీలపై హింసకు వాడతారేమో ముందే చూడమని ఎగుమతి దేశాలను ఆదేశిస్తుంది. ఆ వాక్యం మహిళా సంఘాలు పట్టుబట్టి చేర్పించినది. ఒప్పందం ఎగుమతిదారుల వైపు మొగ్గిందంటూ భారతదేశం ఓటింగుకు దూరంగా ఉంది, ఇప్పటికీ చేరలేదు. ఆ అభ్యంతరంలో కొంత నిజముంది. కానీ నేడు మనమూ ఆయుధాలు ఎగుమతి చేస్తున్నాం. మనం అమ్మిన తుపాకీ ఏ దేశంలో ఏ స్త్రీ మీద ఎక్కుపెడతారని మన ప్రభుత్వాన్ని అడగవలసింది మనమే. అప్పుడు కూడా ‘అది వాళ్ళ ఇంటి విషయం’ అందామా?