తిత్తి ఉందని రాస్తే సరిపోదు, సైజు రాయండి, తేదీ రాయండి

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంక గ్రామాల ప్రజలకు విజ్ఞప్తి. కిడ్నీలో రాయి కోసమో కడుపునొప్పికో తీయించిన స్కానింగ్ రిపోర్టు అడుగున ఒక్కోసారి ఒక ముక్క కనిపిస్తుంది: ప్యాంక్రియాస్‌లో సిస్టు, అంటే తిత్తి. ఎంత సైజు, నాళం ఉబ్బిందా, లోపల గడ్డ ఉందా, మళ్లీ ఎప్పుడు తీయించాలి అన్నవి మాత్రం ఉండవు. ఆ కాగితం చూసి ఒకరు గ్యాస్ మాత్ర రాస్తారు, ఇంకొకరు వెంటనే కోసెయ్యాలంటారు. అది ఏ రకం తిత్తో తేలకుండా చెప్పే మాటలు కనుక ఈ రెండూ తప్పే.

తిత్తులన్నీ ఒకటి కావు. మందు అలవాటు వల్లనో, పిత్తాశయంలో రాళ్ల వల్లనో ప్యాంక్రియాస్ వాచాక మిగిలే నీటితిత్తి క్యాన్సర్‌గా మారదు. పల్చటి నీరు నిండిన సీరస్ తిత్తి కూడా దాదాపు మారదు. పేచీ అంతా జిగురు ఊరే తిత్తులతోనే. వాటిలో ఒక రకం ఎక్కువగా ఆడవాళ్లకే వస్తుంది. నాళాల్లోంచే పుట్టే ఐపీఎంఎన్ అనే రకాన్ని జపాన్ వైద్యులు 1982లోనే బయటపెట్టారు. అది పక్క నాళాలకే పరిమితమైతే చాలామందిలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. ప్రధాన నాళం 10 మిల్లీమీటర్లకు ఉబ్బినా, లోపలి గడ్డ 5 మిల్లీమీటర్లకు చేరినా, కామెర్లు వచ్చినా ఆపరేషన్ ఆలోచించాలి. 2006లో సెండాయ్ పేరుతో, 2012లో ఫుకువోకా పేరుతో వెలువడి క్యోటో దాకా వచ్చిన నియమావళి ఇంకా చెబుతోంది: తిత్తి 3 సెంటీమీటర్లు ఉన్నా, ఏడాదికి 2.5 మిల్లీమీటర్లు పెరిగినా, కొత్తగా షుగర్ వచ్చినా అనుమానించాలి. 2 సెంటీమీటర్ల లోపైతే ఆర్నెల్ల తర్వాత ఒకసారి చూసి, మార్పు లేకుంటే ఏడాదిన్నరకోసారి చూడాలి. ఈ నియమాలన్నీ కొలతల మీదా తేదీల మీదా నిలిచినవే. ఆ రెండూ లేని రిపోర్టు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇక్కడి చెరువు రైతు రొయ్య కౌంటు కూడా తేదీ వేసి రాసుకుంటాడు. మనిషి కడుపులోని తిత్తికి ఆపాటి విలువ లేదా?

ఎక్కువ తిత్తులు క్యాన్సర్ కావు కదా, జనాన్ని బెదరగొట్టడం ఎందుకని కొందరి వాదన. కావు కాబట్టే లెక్క కావాలి. లెక్క లేనిచోట బెదిరినవాడే అప్పు చేసి అక్కర్లేని కోతకు ఒప్పుకుంటాడు. ప్యాంక్రియాస్ తలభాగం తీసే విప్పుల్ ఆపరేషన్‌లో పేరున్న పెద్ద ఆసుపత్రుల్లోనూ ప్రాణాలు పోతాయి. గ్రంథి మొత్తం తీసేస్తే బతికినంత కాలం ఇన్సులినే. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌కు హైదరాబాద్ పోవాలి కదా అనేది సాకు. అది అనుమానం తేలని కొద్దిమందికే కావాలి. మొదట కావలసింది ఎంఆర్‌సీపీ, అంటే నాళాలను చూపే ఎంఆర్ఐ స్కానింగ్. ఖర్చు మాటకొస్తే, తలుచుకుంటే ప్రభుత్వం పెట్టగలదు: 2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మందికి పైగా మూర్ఛలతో ఆసుపత్రి పాలైనప్పుడు ఎయిమ్స్ నిపుణులు దిగారు, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని తేల్చారు. అంటే జనం వీధిలో పడిపోతే ప్రభుత్వానికి కళ్లు కనిపిస్తాయి. తిత్తి ముదిరి కామెర్లు వచ్చినవాడు పసరు మందు కోసం ఊళ్లు తిరిగి ఇంట్లోనే పోతాడు. ఆ చావు ఎవరి పద్దులోనూ పడదు.

2023లో ఏలూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఈ తిత్తులకు అక్కడొక రిజిస్టరు తెరవాలి. తాడేపల్లిగూడెం, కైకలూరు ఆసుపత్రుల్లో కనిపించిన ప్రతి తిత్తీ అందులోకెక్కాలి, గడువు రాగానే రోగికి ఫోను వెళ్లాలి. ఆపరేషన్‌కు లక్షలిచ్చే ఎన్టీఆర్ వైద్య సేవ పథకం, ఆ ఆపరేషన్ అక్కర్లేదని తేల్చే స్కానింగ్‌కూ, రోగిని ఆసుపత్రిలో చేర్చకుండానే, డబ్బివ్వాలి. ఆపరేషన్ తట్టుకోలేని ముసలివారిని ఈ స్కానింగుల చుట్టూ తిప్పనక్కర్లేదు. ఆ మాట కూడా డాక్టరే నోటితో చెప్పాలి.

ఇంట్లో పాత రిపోర్టులు తీసి చూడండి. ప్యాంక్రియాస్ పక్కన సిస్టు అన్న మాట ఉంటే ఆ కాగితం, ఫిల్ము, సీడీ పట్టుకెళ్లి సైజు, నాళం, గడ్డ, తర్వాతి తేదీ రాసిచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.