ఎనభై ఎనిమిది రోజుల షరతు ఎత్తేయాలి!

ఆస్ట్రేలియాలోని తెలుగువారికి, వర్క్ అండ్ హాలిడే వీసా మీద వచ్చిన, రాబోతున్న పిల్లలకు, వాళ్ళ తల్లిదండ్రులకు

కిందటి నెల క్వీన్స్‌లాండ్‌లోని ఒక స్ట్రాబెర్రీ తోట నుంచి మన ఏలూరు ప్రాంతపు అమ్మాయి ఒకతె రాత్రికి రాత్రే సంచీ సర్దుకుని వచ్చేసింది. వారాల తరబడి నడుం వంచి కాయ కోసింది. హాస్టల్ అద్దె, వ్యాను ఛార్జీ పట్టుకోగా మిగిలింది తిండికే చాల్లేదు. పే స్లిప్ అడిగితే కాంట్రాక్టర్ అన్న మాట ఒక్కటే: "నీకు రెండో ఏడాది వీసా కావాలా, వద్దా?"

ఈ మాట విన్నది ఆ అమ్మాయి ఒక్కతే కాదు. మిగతావాళ్ళు ఇంట్లో చెప్పుకోలేక ఊరుకున్నారు.

ఆ బెదిరింపు ఎందుకు పనిచేస్తుందో చూడండి. మొదటి వీసా ఏడాదికే. రెండో ఏడాది ఉండాలంటే మూడు నెలలు, అంటే 88 రోజులు, ప్రభుత్వం చెప్పిన ప్రాంతంలో చెప్పిన పని చేయాలి. మూడో ఏడాదికి ఆరు నెలలు. కొన్ని చోట్ల హోటలు పని కూడా లెక్కకొస్తుంది గానీ ఎక్కువమందికి దొరికేది తోట పనే. జీతంలేని పని చెల్లదని 2015 డిసెంబరు నుంచి పే స్లిప్పులు అడుగుతున్నారు. జీతం ఎగ్గొట్టకుండా ఆపాల్సిన ఆ కాగితమే ఇప్పుడు కాంట్రాక్టర్ చేతిలో కొరడా అయింది. స్లిప్ ఇస్తే రోజులు నిలుస్తాయి, ఇవ్వకపోతే వాటిని రుజువు చేయడం కష్టం. గుంటూరు మిర్చి కోతలకు మేస్త్రి వెంట వెళ్ళే కూలీ కూడా కూలి గిట్టకపోతే మర్నాడు ఇంకో చేనుకు పోతాడు. మన పిల్లలకు ఆ పాటి స్వేచ్ఛ లేదు. పని మానేస్తే కూలితోపాటు రెండో ఏడాది ఉండే అవకాశమూ ప్రమాదంలో పడుతుంది.

బకెట్‌కి ఇంత అని గుత్త లెక్కన కోయించినా గంటకు కనీస వేతనం తగ్గకూడదని 2022 ఏప్రిల్ 28 నుంచి అమల్లో ఉంది. ఎవడు పాటిస్తున్నాడు? వీసా భయంతో నోరు మూసుకున్న చోట ఏ చట్టమూ పనిచేయదు. ఈ షరతే దోపిడీకి దారి తీస్తోందని, పనివాళ్ళ హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ 2016లోనే నివేదికలో రాసింది. అయినా షరతు కదల్లేదు. పైగా 2019లో మూడో ఏడాది ఆశ చూపి ఇంకో ఆరు నెలలు తగిలించారు!

కదల్లేదని అనడం కూడా తప్పే. బ్రిటన్ పిల్లలకు కదిలింది. 2024 జూలై 1 నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంటే ఒక్క రోజు కూడా తోటకు వెళ్ళకుండా మూడు వీసాలు తీసుకోవచ్చు. వాళ్ళ ప్రభుత్వం వాణిజ్య ఒప్పందంలో అడిగి సాధించింది. మనమూ వాణిజ్య ఒప్పందమే చేసుకున్నాం. అందులో మనకు దక్కింది ఏడాదికి 1,000 వీసాలు, వాటికి లాటరీ, లాటరీలో పేరు వేయడానికి 25 డాలర్లు. వాళ్ళకు 35 ఏళ్ళ దాకా అవకాశం, మనకు 30 దాకానే. ఒకే చెట్టు, ఒకే కాయ. కోసే చేతికి పాస్‌పోర్టును బట్టి రెండు న్యాయాలా?

తోట పనికి మనిషిని కట్టేసే విద్య ఈ నేలకు కొత్త కాదు. 1863 నుంచి 1904 దాకా పసిఫిక్ దీవుల జనాన్ని మోసంతోనూ బలవంతంతోనూ తెచ్చి క్వీన్స్‌లాండ్ చెరుకు తోటల్లో దించారు. మనవాళ్ళకూ అది కొత్త కాదు. 1860లో మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్ తోటలకు కదిలిన ట్రూరో ఓడలో మన తెలుగు కూలీలూ ఉన్నారు. అక్కడ యజమాని చీటీ లేకుండా తోట దాటితే కూలీలకు శిక్ష. చీటీ రాసేవాడి దయ మీద బతకడమంటే ఏమిటో మన వాళ్ళకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

రైతులకు కూలీలు దొరకరంటారు. సరైన జీతం ఇవ్వండి, దొరుకుతారు. ఇష్టపడే వచ్చారు కదా అంటారు. ఇష్టపడి వచ్చింది పనికి, దోపిడీకి కాదు.

మా కోరికలు సూటివి. బ్రిటన్ పిల్లలకు తీసేసిన షరతు మన పిల్లలకూ తీసేయాలి. ఆ లోగా, కాంట్రాక్టర్ స్లిప్ ఎగ్గొట్టినా, పని చేసినట్టు అంబుడ్స్‌మన్ తేల్చిన రోజులు వీసాకు చెల్లాలి. కూలీలను సరఫరా చేసే కాంట్రాక్టర్లకు క్వీన్స్‌లాండ్, విక్టోరియాలలో ఉన్న లైసెన్స్ పద్ధతి దేశమంతా రావాలి.

తోటల్లో ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఏ రోజు ఎన్ని గంటలు, ఎన్ని బకెట్లు కోశారో ఆ రాత్రే రాసిపెట్టుకోండి, ఫొటోలు తీయండి. పాస్‌పోర్టు ఎవరికీ ఇవ్వకండి. వీసా పేరు చెప్పి తక్కువ జీతానికి లొంగదీయడం 2024 జూలై నుంచి క్రిమినల్ నేరం. ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ నంబరు 13 13 94కి ఫోన్ చేయండి, డబ్బు అడగరు.

ఇక్కడ స్థిరపడ్డ పెద్దలారా! మీలో పౌరసత్వం ఉన్నవారికి ఓటుంది, ఆ పిల్లలకు లేదు. ఈ వారమే మీ ఎంపీ ఆఫీసుకు వెళ్ళండి. బ్రిటన్‌కు ఇచ్చింది భారత్‌కు ఎందుకు ఇవ్వలేదో రాతపూర్వకంగా జవాబు అడగండి. జవాబు రాకపోతే పై వారం పదిమందిని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళండి.