ఒకే మీటరు, రెండు కాపురాలు: బిల్లు తగవు తెగేదెలా?

నరసరావుపేట: పిల్లల చదువుల కోసం పల్లెలు వదిలి పేటలో వాటా అద్దెకు తీసుకుంటున్న కుటుంబాలకు అద్దె కంటే కరెంటు బిల్లే పెద్ద తలనొప్పిగా తయారైంది. రొంపిచర్ల, నకరికల్లు మండలాల నుంచి వచ్చి ఇక్కడ కాపురముంటున్న వారిలో ఎవరిని కదిపినా ఇదే మాట. అద్దె ముందే మాట్లాడుకుంటారు గనుక దానిపై పేచీ తక్కువ. కరెంటు దగ్గరకొచ్చేసరికి "వాడుకున్నంత ఇవ్వండి" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకుంటారు. వాడుకున్నదెంత, యూనిట్టు ఎంత పడుతుంది అన్న సంగతి మొదటి బిల్లు వచ్చాక గాని బయటపడదు.

ఇక్కడి ఒక ఇంట జరిగిన తగవు ఇలాంటిదే. కింద ఇంటామె, కొడుకు, కోడలు, బడికి వెళ్లే మనుమడు. మేడ మీద వాటాలో పల్లె నుంచి వచ్చిన తల్లి, ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలు. తండ్రి పొలం దగ్గరే ఉంటాడు. కరెంటాఫీసు వారి మీటరు ఒక్కటే, అదీ ఇంటామె పేరున. మేడకు సబ్ మీటరు పెట్టించి, యూనిట్టుకు 10 రూపాయల చొప్పున తీసుకుంటున్నారు. 100 యూనిట్లు తిరిగితే వెయ్యి రూపాయలు. "మా ఊళ్లో ఇంతే వాడితే మూడొందలొచ్చేది పిన్నిగారూ" అని మేడ మీది ఆమె. "బిల్లు కట్టేది నేను, నాకు తెలియదా అమ్మాయ్" అని ఇంటామె. మాటామాటా పెరిగి ఒకనాటి సాయంత్రం మేడకు వెళ్లే ఫ్యూజు ఊడింది. మరునాడు పెద్దపిల్లకు పరీక్ష.

ఇద్దరిలో ఎవరు మోసం చేస్తున్నారని చుట్టుపక్కల వారు వాదులాడుకున్నారు గాని, లెక్క వేసి చూస్తే మోసం కంటే మీటరు చేసిన మాయే ఎక్కువ. రాష్ట్రంలో 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ధరల ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆపైన 9.75. మెట్లెక్కిన కొద్దీ యూనిట్టు ప్రియమవుతుంది. కింది వాటాలో 200, మేడ మీద 100, మొత్తం 300 యూనిట్లనుకుందాం. వాడకం చార్జీ 1,673.25 రూపాయలవుతుంది.

మేడ మీది 100 యూనిట్లే విడి మీటరు మీద తిరిగితే 304.50 రూపాయలు. ఆమె చెప్పిన మూడొందలు ఇదే. మరి ఇంటామె లెక్క? తన 200 యూనిట్లకే అయితే 867 రూపాయలు కట్టేది. అద్దెకున్న వారి వంద కలిసినందువల్ల మరో 806.25 పడుతోంది. మొత్తాన్ని 300 యూనిట్లకు సమంగా పంచితే యూనిట్టు 5.58 రూపాయల లెక్కన మేడ వారి వంతు 557.75. ఒకే వంద యూనిట్లకు మూడు ధరలు, మూడూ న్యాయంగానే కనిపిస్తాయి. రెండు మీటర్లుంటే ఇద్దరూ కలిపి 1,171.50 కట్టి ఊరుకునేవారు. ఒక్క మీటరే ఉన్నందువల్ల అదనంగా పడుతున్నది 501.75. కొట్లాటంతా ఈ ఐదొందల మీదనే.

వెయ్యి రూపాయలు మాత్రం ఏ లెక్కకూ అందదు. స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం కూడా ఉన్నాయని ఇంటామె అన్నది నిజమే. కాని అవి వాడకం చార్జీ ముందు కొద్దిపాటివే.

ఇక మోటారు సంగతి. మేడ మీది స్విచ్చులన్నీ ఆపి చూసినా మేడ సబ్ మీటరు తిరుగుతూనే ఉంది. ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు వైరు ఆ మీటరు తర్వాత కలిపారు. వైరింగు మేస్త్రీకి అక్కడ దగ్గరై కలిపాడట. ఒక హెచ్.పి. మోటారు గంట తిరిగితే ముప్పావు యూనిట్టు పైనే లాగుతుంది. రెండిళ్లకూ నీళ్లు ఆ మోటారుతోనే. వాటాలో చేరిన రోజునే తన స్విచ్చులన్నీ ఆపేసి సబ్ మీటరు నిలుస్తుందో లేదో చూసుకుంటే ఇలాంటివి అప్పుడే తెలుస్తాయి. ఆ పని చేసేవారు నూటికొకరు కూడా ఉండరు.

బిల్లు కింద చిన్న అక్షరాలతో ఉండే సర్దుబాటు చార్జీ మరో పేచీ. కరెంటు కొనుగోలుకు అనుకున్న దానికంటే ఎక్కువ ఖర్చయిందంటూ పంపిణీ సంస్థలు ఆ తేడాను తరువాతి ఏళ్లలో వసూలు చేస్తాయి. 2022-23 సంవత్సరపు తేడా 6 వేల కోట్లు దాటింది. దానిని 2024 డిసెంబరు నుంచి నెలనెలా వాయిదాలుగా బిల్లుల్లో వేశారు. వేసింది మాత్రం 2022-23లో ఆ మీటరు మీద తిరిగిన యూనిట్లను బట్టి. మేడ మీది కుటుంబం వాటాలో దిగింది 2024 జూన్‌లో. అప్పటి యూనిట్లు వాడిన వారెవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆ సొమ్ము కొత్తగా వచ్చిన వారి నెత్తిన వేయడం ధర్మం కాదు. అలాగని ఇంటామె వాడిందీ కాదు. అయినా మీటరు ఆమెది, ఆనాడు అద్దె తీసుకున్నదీ ఆమే కనుక ఆమె భరించడమే సబబు.

ఇంటామె బాధ వేరే ఉంది. 2025లో తల్లికి వందనం సొమ్ము కోడలికి రాలేదు. 12 నెలల సగటున ఇంటి వాడకం నెలకు 300 యూనిట్లు దాటరాదన్నది ఆ పథకం నిబంధనల్లో ఒకటి. వేసవిలో పైనా కిందా కూలర్లు తిరిగేసరికి సగటు దాటిపోయింది. పైవారి యూనిట్లు కూడా ఆమె కుటుంబం కిందే జమపడ్డాయి. 13 వేల రూపాయలు పోయిన మంట యూనిట్టుకు 10 రూపాయలై మేడెక్కిందని ఆమె కొడుకే ఒప్పుకున్నాడు. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదని అద్దెకున్నామె అంటోంది. అదీ నిజమే.

ఫ్యూజు పీకడం మాత్రం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. బిల్లు కట్టని వారికి కరెంటు కోయాలంటే పంపిణీ సంస్థ కూడా 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇంటి యజమానికి అంతకు మించిన అధికారం ఎక్కడిది? అదే చట్టం 43వ సెక్షన్ యజమాని అడిగినా, ఇంట్లో ఉంటున్నవారు అడిగినా కనెక్షను ఇవ్వాలంటుంది. యజమాని ఒప్పుకోలేదన్న కారణంతో అద్దెదారుకు కరెంటు నిరాకరించరాదని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఇంట్లో కాపురముంటున్నట్లు రుజువు ఉంటే చాలు.

అయితే యజమానులకు దీనిపై ఒక భయం పట్టుకుంది. మీటరు వారి పేరున పెడితే రేపు ఇల్లే తమదంటారేమోనని. కరెంటు మీటరు ఇంటి మీద హక్కు ఇవ్వదు. అద్దె కాగితం రాసుకుని సంతకాలు పెట్టుకుంటే ఆ భయం అక్కర్లేదు. ఇంటామె తన పేరుననే రెండో మీటరు పెట్టిస్తే స్లాబు బాధ తీరుతుంది గాని పథకాల బాధ తీరదు. ఆ మీటరూ ఆమె ఆధార్‌కే ముడిపడితే యూనిట్లు మళ్లీ ఆమె లెక్కలోకే పోతాయి.

కరెంటాఫీసుకు వెళ్తే ఈ తగవు తీరుతుందనుకోవడం పొరపాటు. మీటరు తప్పు తిరిగినా, బిల్లు తప్పు వచ్చినా 1912కు ఫోను చేయవచ్చు, వినియోగదారుల ఫిర్యాదుల వేదికకు రాయవచ్చు. సబ్ మీటరు వారిది కాదు, దాని జోలికి రారు. ఇళ్ల మధ్య తెగని తగవును కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు తీసుకుపోవచ్చు. కోర్టు ఫీజు లేదు. 15100కు ఫోను చేస్తే న్యాయ సేవల వారు దారి చెబుతారు.

ఈ ఇంటి తగవు అంత దూరం పోలేదు. మరునాడు పల్లె నుంచి వచ్చిన తండ్రి పాత బిల్లులన్నీ అరుగు మీద పరిచి, పక్కింటి లెక్కల మాస్టారి చేత లెక్క వేయించాడు. మోటారు వైరు ఇంటామె మీటరు మీదకు మార్చారు. ప్రతి నెలా బిల్లు తీసిన రోజునే ఇద్దరూ కలిసి సబ్ మీటరు చూసి నోటు పుస్తకంలో రాసుకోవాలని, ఆ నెల బిల్లు సగటు ధరనే మేడ వారు ఇవ్వాలని, సర్దుబాటు చార్జీల్లో వాళ్లు రాకముందు వాటిని ఇంటామె పెట్టుకోవాలని ఒప్పుకున్నారు. ఎక్కువ తీసుకున్న సొమ్ము రెండు నెలల అద్దెలో తగ్గించారు. అద్దె కాగితం చూపి మేడ వారి పేరున కొత్త మీటరుకు దరఖాస్తు పెట్టారు. వచ్చే ఏడాది తల్లికి వందనం నాటికి తమ యూనిట్లు విడిపోతాయని కోడలు ఆశ పడుతోంది. మెట్ల కింద దీపం ఎవరి మీటరుకు కలపాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.