పచ్చబడిన నీటితో పారాహుషార్!

జలాశయాల్లో నాచుపై నిఘా అవసరం

ప్రొద్దుటూరు: నదులు సముద్రంలో కలిసేచోట పుట్టే విషపు నాచు గురించి చెబితే, కడప జిల్లా వాసులకు అది తమకు సంబంధం లేని విషయంగా తోచవచ్చు. పెన్నా నది బంగాళాఖాతంలో కలిసేది నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద. అయితే ఆ నాచుకు దగ్గరి లక్షణాలున్న నీలి ఆకుపచ్చ నాచు నిలువ ఉన్న మంచినీటిలోనూ పెరుగుతుంది. జలాశయాలపై ఆధారపడిన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు దీనిని ఉపేక్షించడానికి వీల్లేదు.

ఒకే నీరు.. మూడు పట్టణాలు

గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. దాని దిగువన మైలవరం ఉంది. ప్రొద్దుటూరు తాగునీటి కోసం అక్కడి నుంచి పెన్నాలోకి నీరు వదలడం పరిపాటి. గండికోట నీటినే ఎత్తిపోతల ద్వారా 10 టి.ఎం.సి.ల చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు తరలించి పులివెందుల ప్రాంతానికి అందిస్తున్నారు. కనుక ఒకచోట నీరు చెడితే ఆ ప్రభావం మిగిలిన చోట్లకూ పాకే అవకాశం ఉంది.

వేసవిలో నీటిమట్టం తగ్గి, ఎండ ముదిరి, పొలాల నుంచి ఎరువులు, ఊళ్ల నుంచి మురుగు చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. నీటిపై ఆకుపచ్చ రంగు పూసినట్లు తెట్టె కడుతుంది. హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్ ఇందుకు తెలిసిన ఉదాహరణే.

చేపకూ, మనిషికీ ముప్పే

రాత్రివేళ నాచు నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటుంది. అది చచ్చి కుళ్లినప్పుడు కొరత మరింత పెరుగుతుంది. తెల్లవారేసరికి బొచ్చె, శీలావతి చేపలు తేలిపోవడానికి ఇదొక కారణం. కొన్ని రకాల నాచు కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. తాగునీటిలో ఇది దీర్ఘకాలంలో లీటరుకు 1 మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో 1996లో ఈ విషమున్న నీటితో రక్తశుద్ధి చేయించుకున్న మూత్రపిండాల రోగుల్లో 50 మందికి పైగా మరణించారు.

కేరళలోని విళింజంలో 1997లో నాచు విషం చేరిన ఆల్చిప్పలు తిని ఏడుగురు మృతి చెందారు. నరాలను స్తంభింపజేసే ఆ కోవకు చెందిన విషాన్ని కొన్ని మంచినీటి నాచులూ తయారుచేయగలవు. ఉప్పునీరు, మంచినీరు అన్న తేడా ఇక్కడ రక్షణ కాబోదు.

కాచినా పోదు

నీటిని కాచి తాగితే చాలన్న నమ్మకం ఈ విషయంలో చెల్లదు. మరిగించినా మైక్రోసిస్టిన్ నశించదు. మైలుతుత్తం చల్లితే నాచు చస్తుంది గానీ, దాని కణాలు పగిలి లోపలి విషం ఒక్కసారిగా నీటిలో కలుస్తుంది. తెట్టె కట్టిన చోట నీరు తోడకుండా ఉండటం, అనుమానం వచ్చినప్పుడు విష పరీక్ష జరపడం, ఉత్తేజిత బొగ్గుతో వడపోయడం సరైన మార్గాలు. అలాంటి నీటిలో పిల్లలు ఈదరాదు, పశువులకు తాపరాదు. చచ్చి తేలిన చేపలను తినడం, అమ్మడం మానుకోవాలి.

మొదట చూసేది జాలరులే

నీటి రంగు మారిన సంగతి అందరికంటే ముందు తెలిసేది తెల్లవారుజామునే తెప్ప వేసే మత్స్యకారులకే. కానీ ఆ మాట బయటపడితే చేపలు కొనేవారుండరు. రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబాలకు నోరు విప్పడమే నష్టమైతే ఎవరైనా మౌనం వహిస్తారు. సమాచారమిచ్చిన వారికి వేట నిలిచిన రోజులకు పరిహారం చెల్లించే ఏర్పాటు ఉంటే ఈ పరిస్థితి మారుతుంది. మత్స్యశాఖ, జలవనరుల శాఖ, పురపాలక సంఘాలు వేసవికి ముందే కలిసి కూర్చుని ఇందుకు పూనుకోవాల్సి ఉంది. చేపలు తేలిన తరువాత పరుగులు తీయడం కన్నా, నీరు పచ్చబడిన రోజే మేల్కొనడం ఖర్చు తక్కువైన పని.